రహదారి గుఱుతులు



రహదారి ప్రక్కనుండు గుఱుతులనుగూర్చి కొన్ని మాటలు చెప్పుమని నన్ను కోరిరి. నేను ఇంజనీరును గాను. ముప్పది రెండేండ్లు బడిపంతులుగా నుండి విరమించినవాడను. ఈ విషయమున నాకు తెలిసినదంతయు ఒక తప్పు చేసిన పిమ్మట తెలిసికొన్నదే. కావున ముందుగా ఆ తప్పును విన్నవించి, పిదప తక్కిన సంగతులు చెప్పెదను.

మాది ఓరుగల్లునకు పడమట, జాతీయ రహదారినుండి ఒక కిలోమీటరు లోపలనున్న పల్లె. హైదరాబాదునుండి వచ్చు బాటను రాయగిరి, ఆలేరు, జనగామ, రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూరుల మీదుగా నాలుగు వరుసలుగా వెడల్పు చేసిన కాలమున, మా యూరిదారి ఆ పెద్దబాటలో కలియుచోట ఒక యినుపకంబము పాతి, దానికొక పలక బిగించి పోయిరి. ఎఱ్ఱని యంచుగల తెల్లని త్రికోణము. లోపల బొమ్మ లేదు, అక్షరము లేదు. అంతకంటె వింత యేమనగా, దాని కొస క్రిందికిని వెడల్పు పైకిని ఉండెను. ఊరివారు చూచి నవ్విరి. "కూలోళ్లు తలక్రిందులుగా బిగించి పోయిరి సార్" అని నాతో ననిరి. త్రికోణమునకు భూమి క్రింద, శీర్షము పైన అని కొన్ని వేల పర్యాయములు నల్లబల్లపై గీచినవాడను గనుక నాకును అట్లే తోచినది. పడుచువాండ్రను నలుగురిని పిలిచి, మరలు విప్పించి, ఆ పలకను త్రిప్పి నిలిపించితిని. ఊరికొక యుపకారము చేసితినని ఆ పూట సంతోషముగా భోజనము చేసితిని.

ఆ పలక అట్లే యెనిమిది మాసము లుండెను. ఒకనాటి సాయంకాలము పొరుగూరి యువకుడొకడు పెండ్లిపత్రికలు పంచుటకై మా యూరికి వచ్చి, మోటారుసైకిలుపై తిరిగిపోవుచు, ఆ కూడలియొద్ద నిలువక పెద్దబాటమీదికి పోయెను. జనగామవైపునుండి వచ్చుచున్న కారు వానిని కొట్టినది. ప్రాణము దక్కినది గాని కుడికాలు మోకాటిక్రింద మునుపటివలె కాలేదు. ఇప్పటికిని కుంటుచు నడచును.

మఱునాడు ఆ చోటు చూడవచ్చిన ఓవర్సీయరు కంబమువైపు చూచి, "దీనిని ఎవరు త్రిప్పినారు?" అని యడిగెను. నేనే యని చెప్పితిని. ఆయన కోపపడలేదు. "అయ్యా, ఇది తలక్రిందులుగా నుండవలసిన పలకయే. చిన్నదారినుండి వచ్చువాడు ఆగి, పెద్దదారిలో పోవువానికి దారి యిచ్చి, తరువాత ప్రవేశింపవలెనని దీని యర్థము" అనెను. నా నోట మాట రాలేదు.

ఆ పలక సరిగా నున్నయెడల ఆ యువకుడు ఆగియుండునా? ఆగియుండునని నేను ప్రమాణము చేయజాలను. ఆగకపోవునని చెప్పి నా మనస్సునకు నచ్చజెప్పుకొననుజాలను. కొన్ని వారములకు వాని యింటికి పోయి, "బిడ్డా, ఆ పలకను త్రిప్పించినవాడను నేను" అని చెప్పితిని. వాడు కొంతసేపూరకుండి, "సార్, అప్పటికే చీకటి పడ్డది. నేనా పలకను చూడనేలేదు" అనెను. ఈ మాటను మరల తలచెదను. ముందుగా ఆకారముల సంగతి చెప్పవలెను.

రహదారి పలకలయందు అక్షరముకంటె ముందు ఆకారము మాటలాడును. త్రికోణము హెచ్చరిక: ముందు మలుపున్నది, బడి యున్నది, పశువులు దాటును, పదిలము అని ఇంటి పెద్ద చెప్పినట్లు చెప్పును. గుండ్రము ఆజ్ఞ. వెనుకటి దినములలో పటేలు చెప్పిన మాటవంటిది, తప్పినచో దండుగ. గుండ్రములో ఎఱ్ఱని యంచుగలది సాధారణముగా "కూడదు" అనును, నీలివర్ణముగలది "ఇట్లే చేయుము" అనును. దీర్ఘచతురస్రము కేవలము సమాచారము: ఆసుపత్రి యిచ్చట, పెట్రోలు అచ్చట, ఓరుగల్లు ఇన్ని కిలోమీటర్లు. ఈ మూడు కుటుంబములలోను చేరక విడిగా నిలిచినవి రెండే. ఒకటి ఎనిమిది పలకల ఎఱ్ఱని "ఆగుము" గుఱుతు. రెండవది నేను చెఱిచిన తలక్రిందు త్రికోణము. వీనికి మాత్రమే వేఱు రూప మెందుకనగా, దుమ్ము కప్పినను, రంగు వెలిసినను, వెనుకవైపునుండి చూచినను గుఱుతుపట్టవలెనని. పెద్దబాటమీద పోవువాడు సైతము ఆ పలక వీపును చూచి, "ఆ ప్రక్కదారివాడు నాకై ఆగవలసినవాడు" అని తెలిసికొనగలడు. నేను త్రిప్పినది మా యూరివారికి చెప్పు మాటను మాత్రమే కాదు, పెద్దబాటవారికి చెప్పు మాటను గూడ.

ఈ గుఱుతులకు పుట్టుక యున్నది. మోటారుబండ్లు క్రొత్తగా దేశములు దాటి పోవ నారంభించిన దినములలో, 1909వ సంవత్సరమున ఐరోపా రాజ్యములవారు పారిసు నగరమున సమావేశమై నాలుగే నాలుగు హెచ్చరిక గుఱుతులను అంగీకరించిరి: ఎగుడుదిగుడు, మలుపు, కూడలి, రైలుదారి. నూఱేండ్లు దాటినను, మన బాటలమీద ప్రాణములు తీయుచున్నవానిలో ముఖ్యమైనవి ఆ నాలుగే యని నా యభిప్రాయము. ఎనిమిది పలకల గుఱుతు అమెరికాలో 1923 ప్రాంతమున పుట్టినది. ప్రమాదమెంత హెచ్చో పలకకు అంచు లంత హెచ్చుగా నుండవలెనని అచ్చటివారు లెక్కవేసిరి. గుండ్రమునకు అంచులు లెక్కలేనివి గనుక దానిని రైలుదారికి ఉంచి, తరువాతిదైన ఎనిమిది పలకలను "ఆగుము"నకు ఇచ్చిరి. మఱియొక వింత గలదు. ఆ పలక అచ్చట 1954 వఱకు ఎఱ్ఱనిది కాదు, పసుపుపచ్చనిది. ఎండకు వానకు వెలియక నిలుచు ఎఱుపు అంతవఱకు వారికి దొరకలేదట!

బొమ్మలకును కథలున్నవి. ఇంగ్లండునందు ఇప్పుడు కనబడు గుఱుతులలో పెక్కింటిని 1960 ప్రాంతపు సంవత్సరములలో మార్గరెట్ కాల్వర్ట్ అను స్త్రీ చిత్రించినది. పశువులు దాటు చోట పెట్టు పలకలోని ఆవు, ఆమె బంధువుల పాలములో నిజముగా నుండిన ఆవేనట. దాని పేరు పేషెన్స్, అనగా మన మాటలో ఓర్పు. ఆవును రోడ్డుమీద చూచిన బండివానికి కావలసినదియు అదియే గదా!

రైలుదారి గుఱుతు విషయమున మన ప్రాంతమున పరిహాసమునకు తావు లేదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటయొద్ద కావలిలేని రైలుదారిని దాటుచున్న బడిబస్సును రైలు కొట్టి, పసిపిల్లలు మరణించిన సంగతి మీరు మఱవలేదు. పెద్దలైనుదారులమీద కావలిలేని దాటుచోట్లన్నింటిని 2019 జనవరి నాటికి ఎత్తివేసిరి. అయినను కావలిగల గేట్లు ఉండనే యున్నవి. వానికి ముందు పలక క్రింద ఎఱ్ఱని యేటవాలు గీతలు రెండున్నచో గేటు ఇంకను సుమారు 200 మీటర్ల దూరమున నున్నదనియు, గీత యొకటే యున్నచో నూఱు మీటర్ల లోపలికి వచ్చితిమనియు తెలియవలెను. గీతలు తగ్గినకొలది గేటు దగ్గఱయగును. కాజీపేటవైపు తఱచు పోవువారినే పలువురిని అడిగి చూచితిని. గీతలు చూచినవారే గాని లెక్కించినవారు లేరు.

ఇక ఆ యువకుని మాట. చీకటిలో పలక యేల కనబడలేదు? మరలు విప్పిన పడుచువాండ్రు దానిని నేలపై పెట్టి, మట్టిచేతులతో పట్టి, పిదప తుడువక బిగించిరి. తరువాత దానిపై నెవరో కాగితము అంటించిరి. ఎవరి కాగితమో చెప్పను, అన్ని పక్షములవారును అంటించుచున్నారు.

ఈ పలకలమీద మెఱయు పొరను మన ప్రజలు "రేడియం" అందురు. అందు రేడియము లేశమైనను లేదు. పూర్వము గడియారపు ముండ్లకు నిజముగా రేడియము పూసి చీకటిలో వెలుగునట్లు చేసెడివారు. ఆ పేరే దీనికిని అంటుకొన్నది. రేడియము పూత తనంతట తాను వెలుగును. ఈ పొర వెలుగదు, తనపై బడిన వెలుతురును తిరిగి యిచ్చును. అద్దము కూడ తిరిగి యిచ్చును గాని వేఱొక ప్రక్కకు ఇచ్చును. సున్నము కొట్టిన గోడ నలుదెసలకును చల్లివేయును. ఈ పొరలో ఆవగింజకంటె సన్నని గాజుపూసలో, మూలలు చెక్కిన సన్నని పలకలో ఉండును. అవి వెలుతురును వచ్చిన దారినే మరల్చి పంపును. బండి దీపమునకును డ్రైవరు కంటికిని దూరము స్వల్పము గనుక, పలక దీపము పెట్టినట్లు వానికి కనబడును. ప్రక్కన నిలుచున్న మనకు నల్లగానే యుండును. పగటిపూట మన కంటికి బాగుగానున్న పలక రాత్రి గ్రుడ్డిదై యుండవచ్చును.

దీనికి పెద్దలెవరైనను చేయదగిన పరీక్ష యొకటి గలదు. చీకటి పడిన తరువాత ముప్పది అడుగుల దూరమున నిలిచి, టార్చిలైటును నడుమునొద్ద గాక చెంపకు ఆనించి పట్టుకొని పలకమీద వేయుడు. భగ్గున మెఱసెనా, అది బ్రతికియున్నది. మసకగా నుండెనా, దుమ్మైన పట్టియుండవలె, పొరయైన చచ్చియుండవలె. దుమ్మైనచో బిందెడు నీళ్లును మెత్తని గుడ్డయును చాలును. మసిగుడ్డతో గట్టిగా రుద్దరాదు, పొర గీఱుకొనిపోవును.

బాటమధ్యమునను ఈ యుపాయమే యున్నది. తెల్లగీతలు వేయునపుడు రంగు ఆఱకముందే గాజుపూసలు చల్లుదురు. నేలకు బిగించిన చిన్నచిన్న మెఱుపు బిళ్లలను పిల్లికన్నులందురు. వీనిని కనిపెట్టినవాడు ఇంగ్లండునందలి యార్కుషైరు వాడగు పర్సీ షా. 1934లో హక్కు పొంది, మఱుసటి యేట వీనిని చేయు సంస్థను పెట్టెను. మంచుకప్పిన రాత్రి దారి కానక పోవుచుండగా పిల్లికన్నులు మెఱసి తన్ను కాపాడెనని ఆయన చెప్పుకొన్నట్లు కథ గలదు, అట్లు కాదను కథయు గలదు. కథ యేదైనను పనితనము మెచ్చదగినది. ఆయన గాజుకన్నును రబ్బరులో పొదిగెను. చక్రము ఎక్కినపుడు కన్ను క్రుంగి, రబ్బరురెప్పకు ఒరసికొని, అడుగున నిలిచిన వాననీటితో తన్ను తానే కడిగికొనును. ఎక్కి త్రొక్కినవాడే కన్ను తుడిచి పోవునన్నమాట! రెండవ ప్రపంచయుద్ధమున దీపములార్పిన రాత్రులలో ఇవి విరివిగా వాడుకకు వచ్చినవి. మన బాటమీది బిళ్లలు రబ్బరువి కావు గనుక వానిని మనుష్యులే కడుగవలెను. వాని రంగులు మాత్రము తెలిసియుండుట మంచిది. పోవుచున్నవానికి ఎడమయంచున ఎఱుపు, నడిమితిన్నెవైపు పసుపు, వరుసల నడుమ తెలుపు, ప్రక్కదారి చేరుచోటనో విడిపోవుచోటనో పచ్చ. పొగమంచులో ఎదురుగా పచ్చబిళ్లలు కనబడినచో అచ్చట మఱొకడు వచ్చి కలియవచ్చునని తెలిసికొనవలెను.

మోరీగోడలయొద్ద, వంతెన మొదళ్లయొద్ద నలుపు పసుపు ఏటవాలు చాఱల పలకలను చూచియుందురు. అవి యలంకారమని నేనును చాలకాలము తలచితిని. ఆ చాఱలు ఏ ప్రక్కకు క్రిందికి వాలియున్నవో ఆ ప్రక్కనుండి పోవలెనని యర్థము. చినుకు జాఱినట్లు మన చూపు అటు జాఱవలెను. ఒక్క పలకను తిరుగవేసి బిగించినచో అది బండిని తిన్నగా గోడకే పంపును. మా పలక సంగతి తెలిసిన తరువాత మా చుట్టుప్రక్కల మోరీలన్నియు తిరిగి చూచితిని. ఒకచోట అట్లే తిరుగబడి యుండగా కనిపెట్టి ఓవర్సీయరుకు చెప్పితిని. నా చేతులతో ముట్టలేదు.

చెట్ల మొదళ్లకు సున్నమును జాజును పట్టెలుగా పూయుట మన తాతలనాటి వాడుక. చెదలు పట్టకుండుటకు కొంత, రాత్రి బండివానికి మ్రాను కనబడుటకు కొంత. నడిమితిన్నెమీద గన్నేరు నాటుట క్రొత్త వాడుక. అందముకొఱకని చాలమంది తలంతురు. ఎదురుబండి దీపము కన్నులలో పడకుండ ఆ పొద తెరవలె అడ్డుపడును. నీరు లేకున్నను బ్రతుకును. అన్నింటికంటె ముఖ్యము, అది విషపుచెట్టని మన మేకలకును తెలియును. మేత దొరకునేని పశువు రోడ్డు మధ్యకు పోవును గదా! కావున గన్నేరు ఎండిపోయినచోట వేఱొక పచ్చనిది నాటుడని సర్పంచులకు సలహా యిచ్చువారు కొంచె మాలోచింపవలెను.

వేగము తగ్గించు సంగతి. మా చుట్టుప్రక్కల ఏ పల్లెయొద్ద ప్రమాదము జరిగినను మఱునాడే యువకులు మొరమో సిమెంటో కుప్పవేసి బాటకడ్డముగా గట్టు కట్టుదురు. వారి దుఃఖము నాకు తెలియును. కాని గట్టునకు కొలత గలదు. మనదేశపు నిబంధనప్రకారము అది 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు గలిగి, తాబేటివీపువలె మెల్లగా లేచి మెల్లగా దిగవలెను. మన యువకులు కట్టునది దూడమూపురమువలె నుండును. దానికి ముందు హెచ్చరిక పలకయు నుండదు, తెల్లపట్టెలు నుండవు. రాత్రి మోటారుసైకిలువాడు దానిమీదనుండి ఎగిరిపడి తల పగులగొట్టుకొనును. జాతీయ రహదారిమీద అట్టి గట్లు సాధారణముగా కూడనే కూడవు. అచ్చట గరగరలాడు సన్నని పట్టెలు వేయించుకొనవలెను.

దారిని వంచి వేగమును అణచుట మనవారికి క్రొత్త గాదు. ఓరుగల్లు కోట రాతిగోడ ద్వారములను చూడుడు. లోపలికి దారి తిన్నగా పోదు. ముందువాకిటి గోడలనడుమ మలుపు తిరిగి తరువాతి వాకిలి చేరును. ఏనుగులును గుఱ్ఱములును పరుగున వచ్చి తలుపుమీద పడకుండ కాకతీయులు చేసిన యేర్పాటది. నేడు ఆ వాకిళ్లగుండ పోవు ఆటోవాడు విసుగుకొనును గాని, అచ్చట ఎవ్వడును వేగముగా పోజాలడు.

నేరుబాటయే నేడు భయంకరమైనది. గంటకు 80 కిలోమీటర్లు పోవు బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటును. దీపము దించి పోవునపుడు డ్రైవరునకు ముందు కనబడునది ఏబది అఱువది మీటర్లే. కన్ను చూచి కాలు బిరి నొక్కుటకు ఒక సెకనైనను పట్టును. మిగిలిన దూరము ఎంతో లెక్కవేసికొనుడు. ఎనుమాముల బజారునకు తెల్లవాఱుజామున చేరవలెనని మన రైతులు రాత్రులందే ట్రాక్టరు కట్టుదురు. పత్తి బోరెములు డబ్బా దాటి వెనుకకు ఉబ్బి, ఎఱ్ఱదీపమును రేడియం పట్టీని కప్పివేయును. వెనుకవచ్చు లారీవానికి అది చీకటిలో మఱొక చీకటి. ట్రాలీకి పట్టీ యున్నదిగదా యని తృప్తిపడక, సరకు ఎత్తిన పిదప బోరెముమీద ఒక ఎఱ్ఱపట్టీని కట్టి బయలుదేఱవలెను. మిర్చి బస్తాలవారికిని ఇదియే. ఎడ్లబండి నొగకు, ఇరుసునకు రెండు పట్టీలు అంటించుటకు ఒక చాయ ఖర్చుకంటె కొంచె మెక్కువ కావచ్చును, అంతే.

"మా యూరి మలుపు మాకు తెలియదా, మాకు పలక లెందుకు?" అని కొందఱందురు. నిజమే, పలక మనకొఱకు గాదు. రెండేండ్లకొకసారి మాఘమాసమున మేడారము జాతరకు ములుగు, తాడ్వాయిల మీదుగా పోవు జనసముద్రమును తలచుకొనుడు. ఆ డ్రైవర్లలో ఎందఱు ఆ యడవిమలుపులను ముందుగా చూచియుందురు? వారికి దారి చెప్పునది ఆ రేకు ఒక్కటే. ఆ రేకును విప్పి కోళ్లగూటికి కప్పిన యింటిని నేను చూచితిని. ఆ యిల్లు ఏ యూరిదో చెప్పను.

ఇక రాళ్లసంగతి. కిలోమీటరు రాతి తల పసుపైనచో అది జాతీయ రహదారి, పచ్చనైనచో రాష్ట్ర రహదారి, నలుపో నీలమో అయినచో జిల్లాబాట, నారింజవర్ణమైనచో 2000వ సంవత్సరమున ఆరంభమైన ప్రధానమంత్రి పథకముక్రింద వేసిన పల్లెబాట. ప్రతి అయిదవ కిలోమీటరురాయి తక్కినవానికంటె పెద్దది. నడుమ 200 మీటర్ల కొక చిన్నరాయి యుండును.

బాటల అంకెలలోను నియమమున్నది. 2010లో దేశమంతటి అంకెలను మార్చిరి. ఉత్తరదక్షిణముల బాటలకు సరిసంఖ్యలు, తూర్పునుండి పడమటికి పెరుగును: తూర్పుతీరమున 16, మన హైదరాబాదుమీదుగా పోవు కాశ్మీరు కన్యాకుమారి బాట 44, పడమటితీరమున 66. తూర్పుపడమరల బాటలకు బేసిసంఖ్యలు, ఉత్తరమునుండి దక్షిణమునకు పెరుగును: నిజామాబాదు, జగిత్యాల, మంచిర్యాలల మీదుగా పోవునది 63, దానికి దక్షిణముగా హైదరాబాదునుండి విజయవాడకు పోవునది 65. మూడంకెలది కొమ్మ. దాని చివరి రెండంకెలు తల్లిబాటవి. హైదరాబాదు, ఓరుగల్లు, ములుగు, ఏటూరునాగారముల మీదుగా గోదావరి దాటి భూపాలపట్నము చేరు మన బాట 163. పూర్వము దీనిని 202 అనెడివారు. జగిత్యాలనుండి కరీంనగరు, ఓరుగల్లుల మీదుగా ఖమ్మము పోవునది 563. రెండును 63కు బిడ్డలే. తల్లి ఓరుగల్లు ముఖము చూడనే లేదు, బిడ్డలిద్దఱు మాత్రము ఇచ్చట కలిసికొనిరి!

ఈ అంకెలు వినోదమునకు గావు. ఆ యువకుడు పడిననాడు 108కి ఫోను చేసినవాడు "మా యూరి కమాను దగ్గఱ, వేపచెట్టు దగ్గఱ" అని యఱచుచుండెను. ఫోనెత్తినవారు ఎక్కడివారో, వారికి మా వేపచెట్టేమి తెలియును? 2005 ఆగస్టు 15న ఆరంభమైన ఆ సేవ ఎన్నో ప్రాణములు నిలిపినది గాని, చోటు తెలిసిననే గదా బండి వచ్చును. "163వ జాతీయ రహదారి, ఇన్నవ కిలోమీటరు రాయి, హైదరాబాదు పోవు ప్రక్క" అని మూడు మాటలు చెప్పిన చాలును. జాతీయ రహదారికి 1033 అను అంకె వేఱుగా నున్నది. అచ్చటను ఈ మూడు మాటలే యడుగుదురు. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినచో పోలీసులు పట్టుకొందురను భయము మనవారిలో ఇంకను గలదు. 2019లో మోటారువాహనముల చట్టమునకు చేసిన సవరణలో 134-ఎ అను సెక్షను చేరినది. సదుద్దేశముతో సాయపడినవానిపై కేసు ఉండదు. ఇష్టము లేనిచో పేరైనను చెప్పనక్కఱలేదు.

2022వ సంవత్సరమున మనదేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్క. వారిలో 61,038 మంది జాతీయ రహదారులమీద పోయినవారు. ఆ రహదారులో, దేశపు బాటలన్నింటిలో నూటికి రెండుపాళ్లకు కొంచెము మించినవి మాత్రమే. ఒక చోటును ప్రమాదస్థలమని ప్రభుత్వము గుర్తించుటకు నియమ మేమనగా, 500 మీటర్ల నిడివిలో మూడేండ్లలో మరణమో తీవ్రగాయమో కలిగించిన ప్రమాదములు 5 జరుగవలెను, లేదా 10 మంది మరణింపవలెను. ఈ నియమము చదివిననాడు నాకు నిద్ర పట్టలేదు. పదిమంది యగువఱకు మన మెందుకు ఎదురుచూడవలెను? ఏ మలుపులో బండ్లు జాఱుచున్నవో, ఏ కూడలిలో పలక లేదో, ఏ దీపము వెలుగుటలేదో ఊరి పెద్దలకు మొదటి ప్రమాదముననే తెలియును. రాతి సంఖ్య వేసి, తేది వేసి, గ్రామపంచాయతి తీర్మానముగా వ్రాసి, కలెక్టరుగారు అధ్యక్షులుగానుండు జిల్లా రోడ్డుభద్రతా సంఘమునకు పంపవచ్చును. నోటిమాటగా చెప్పినది గాలిలో పోవును, రాతి సంఖ్యతో వ్రాసినది ఫైలులో నిలుచును. మేము మా కూడలినిగూర్చి అట్లే వ్రాసితిమి. రెండవ జాబునకు జవాబు వచ్చినది. గరగర పట్టెలు పడినవి. దీపస్తంభము ఇంకను పడలేదు, మూడవ జాబు వ్రాసియున్నాము.

త్రికోణమును ఓవర్సీయరు మనుష్యులే వచ్చి మరల కొస క్రిందికి వచ్చునట్లు నిలిపిపోయిరి. నెలకొకసారి నేను బిందెతో పోయి కడుగుచున్నాను. నాకు వీలు లేనినాడు ఆ యువకుడే తన బండిమీద వచ్చి కడిగిపోవును. మొన్న నేను కడుగుచుండగా మా యూరికి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషి యొకడు నిలిచి చూచి, "పంతులుగారూ, అంత శ్రద్ధగా కడుగుచున్నారు గాని, దానిని తలక్రిందులుగా బిగించినారు, చూచుకొన్నారా?" అనెను. ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టి ఇప్పుడు మీకు చెప్పినదంతయు చెప్పితిని. ఆయన బస్సు తప్పిపోయినది.